సందర్శకుల పుస్తకంలో ఒక మాట

ఇస్కపల్లి కాలవలో
నీళ్ళు వెనక్కి జారే పాటు వేళ
మడచెట్ల వేళ్ళు బురదలోంచి లేచి
ఊపిరి తీసుకుంటాయి.
ఆ సప్పుడు ఇనపడాలంటే ఇంజను ఉండకూడదు.
మా పడవకి ఇంజను పెట్టలా.
నిజం చెప్పాలంటే, డబ్బుల్లేక పెట్టలా.
తరవాత తెలిసింది,
సప్పుడు లేకపోడానికి కూడా ఒక రేటుండాదని.

నేను ఏకొల్లు పోలమ్మని.
మెళ్ళో నీలం తాడు, తాడుకి అట్టముక్క,
అట్టముక్కలో నా మొహం.
ఇంతకుముందు నా మొహంతో పనిబడింది
రేషను కార్డుకీ,
ఊళ్ళో ఎవురిదన్నా కోడి పోతే స్టేషనుకీ.

గెడ వేసేవాడు నా కొడుకు శ్రీహరయ్య.
రొయ్యలగుంటల కాడ మూడేళ్ళు రేత్రి కాపలా కాశాడు.
ఇరవైవేలు బయానా.
ఎన్ని రేత్రిళ్ళు కాసినా అది ఇరవైవేలే.
పదకొండుమంది ఆడోళ్ళం పొదుపు పెట్టె ఇప్పి
వాణ్ణి ఇడిపించుకున్నాం.
మిగిలిన దాంతో పడవకి బయానా ఇచ్చాం.
ఇప్పుడు వాడు
పట్నపోళ్ళకి చెట్లు చెప్తాడు:
ఇది నల్లమడ. అది ఉప్పుపొన్న.
అది తిల్ల, చెయ్యి పెట్టబాకండి,
పాలు కంట్లో పడితే చూపు పోద్ది.
మాట్లాడ్డం రాదనుకున్నా వాడికి.
గుంట గట్టు మీద మాట్లాడేదానికి ఎవురుండారు గనక.

పీత బొక్క మూతి కాడ
బురద తడిగా ఉంటే లోపలుండాది.
ఎండితే, పొయ్యింది.
మోచేతి దాకా చెయ్యి పెట్టి లాగితే
పడవలో అందరూ చప్పట్లు కొడతారు.
మాయమ్మ కూడా ఇట్నే లాగేది.
ఆమెకి చప్పట్లు కొట్టినోళ్ళు లేరు,
అల్లూరు సంతలో తూకంలో కొట్టినోళ్ళే.

మొన్న ఆదివారం ఒకాయన
చలవ అద్దాలు నెత్తిమీదకి నెట్టి అడిగాడు:
మీరు ఎలకలు పడతారంట గదా,
ఒకసారి పట్టి చూపిస్తారా, ఎగస్ట్రా ఇస్తాం.
నేను నీళ్ళలోకి చూశా.
నా చెల్లెలి కూతురు పెంచలమ్మ,
పది పాసైన పిల్ల,
రేట్ల కాగితం తీసి ఆయన ముందర పెట్టింది.
"ఇందులో ఉండేవే చూపిస్తాం సార్."
గెడ నీళ్ళలో దిగే సప్పుడొకటే ఇనపడింది
రేవు కొచ్చిందాకా.

రేత్రి గుడిసె ముందర
సెల్లుఫోను లైటు కింద లెక్క చూసుకుంటాండాం.
మొత్తం ఆరువేల రెండొందలు.
పడవ బాకీకి పదైదొందలు తీసేస్తే,
బియ్యానికీ మసాలాకీ ఎనిమిదొందల యాభై పోతే,
తలకి మూడొందల యాభై.
కాన్పుకి పుట్టింటికి పొయ్యిన అంకమ్మ వాటా
చీరకొంగున ముడేశా.

అప్పుడు పెంచలమ్మ ఆ పుస్తకం తెరిచి సదివింది:
"ప్రకృతి అద్భుతం. పీతల కూర బ్రహ్మాండం.
ఇక్కడి జనం ఎంత అమాయకులో!"

"అమాయకులంటే ఏందే?" అంది కత్తి సుబ్బరత్తమ్మ.
"ఏమీ తెలవనోళ్ళని."
కాసేపు ఎవురూ మాట్లాడలా.
దూరంగా సముద్రం పోటెక్కతాంది.
దాని టైము మాకు గడియారం చెప్పలా.
సుబ్బరత్తమ్మే ముందు నవ్వింది,
తరవాత అందరం, పొట్ట పట్టుకోని.

పేజీ చింపేస్తానంది పిల్ల.
వొద్దన్నా.
దాని కింద నా సంతకం పెట్టా.
పోయినేడు నేర్చుకున్నదే,
"ల" కింద "మ" ఇంకా కొంచెం వొంకర పోతాది.
ఆయన మళ్ళీ వస్తే చూసుకుంటాడు.

కాలవ మలుపు దాటినాక
ఎడంపక్క ఒక సన్న పాయుండాది.
దాని చివర దిబ్బ మీద
మావోళ్ళు పండుకోనుండారు, మాయమ్మ కూడా.
పిల్లకాయలు గీసిన పటంలో
అంత మేర తెల్లగా ఒదిలేశారు.

అటు పోదామని ఎవురన్నా అడిగితే
గెడ పైకెత్తి శ్రీహరయ్య చెప్తాడు,
"లోతెక్కువండీ, ప్రమాదం."

ఆడ మోకాలు లోతు కూడా లేదు.